గుప్పెడు పొట్టు

ఎలుకలకు ఎరుపు కనపడదట. ఆ సంగతి డాక్టరమ్మ చెప్పేదాకా నాకూ తెలీదు. అందుకే పరిశోధనశాలలోని మా ఎలుకల గదిలో పగలంతా ఎర్ర దీపం ఒక్కటే వెలిగేది. మాకు అది వెలుతురు, వాటికి చీకటి. ఎలుకలు రాత్రిపూట తిరిగే జీవాలు, మేం పగటిపూట జీతం తీసుకునే జీవాలం. ఇద్దరికీ పొసగాలి కదా. కాబట్టి ఆ గదిలో పగటిని రాత్రి చేసి, రాత్రిని పగలు చేసి పెట్టారు.

ఇంట్లో స్నానం చేసి వచ్చి, అక్కడ మళ్ళీ స్నానం చేసి, గౌను తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి అడుగు పెడితే, బయట ఎండో వానో ఇక నాకు గుర్తుండేది కాదు. గోడలో గాలి గొట్టం ఒకే తీరున హోరుమనేది. రెండు వందల పెట్టెల్లో చిన్న చిన్న గోళ్ళు గీరుతున్న చప్పుడు, నీళ్ళ సీసాల దగ్గర చప్పరింతలు. కాసేపటికి అవన్నీ కలిసి ఒకే చప్పుడయ్యేవి. నేను ఆ చప్పుడు లోపల ఉన్నానో, అది నా లోపల ఉందో తెలిసేది కాదు. అలా ఇరవై రెండేళ్ళు. అవి గడిచాయా, నేనే ఒక కునుకు తీశానా అని ఇప్పటికీ అనుమానం.

నా పని పెట్టెలు మార్చడం. సోమవారం, గురువారం. పాత పొట్టు పారబోసి, ఆవిరి పట్టించిన కొత్త చెక్కపొట్టు పోసి, ఎలుకని తోక మొదట్లో పట్టుకుని మెల్లగా దించాలి. మేతా నీళ్ళూ చూడాలి. చచ్చినదాన్ని తీసి చీటీ రాయాలి. మూడో తరగతి దాకా చదివాను కాబట్టి చీటీ రాయగలను.

నేను మాట్లాడేది తక్కువ. "ఈయన నోట్లో ముత్యాలున్నాయి, తెరిస్తే రాలిపోతాయని భయం" అని నా భార్య ఇరుగుపొరుగుకి చెబుతుంది. పరిశోధన పిల్లలు నాకు 'సైలెన్సర్' అని పేరు పెట్టారు. నా ముందే అనేవాళ్ళు. నేను పట్టించుకోలేదు. మనిషి నోరు మూసుకుంటే ఎలుకలు త్వరగా నమ్ముతాయి.

డాక్టరమ్మ ఆ గదికి వచ్చేసరికి ఆవిడకి ఇరవై ఏడేళ్ళుంటాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని తిరిగేది. ఆ పెన్సిలు కోసమే గదంతా వెతికేది. నేను తల వైపు చూపిస్తే నవ్వి తీసుకునేది. మొదటి వారంలోనే నన్ను బాబాయ్ అని పిలిచింది. ఎందుకో అడగలేదు.

"బాబాయ్, జ్వరం వచ్చి తగ్గాక ఒంట్లో ఏం మిగులుతుందో తెలుసా?" అంది ఒకరోజు.

"నీరసం" అన్నాను.

ఆవిడ ఎంత నవ్విందంటే పక్క పెట్టెల్లో ఎలుకలు గూళ్ళలోకి దూరాయి. "అది సరే. ఇంకోటి కూడా మిగులుతుంది. జ్ఞాపకం. ఆ క్రిమి ముఖం గుర్తు పెట్టుకున్న కణాలు కొన్ని ఉండిపోతాయి. మళ్ళీ అదే క్రిమి వచ్చిందా, గుమ్మంలోనే మెడ పట్టుకుంటాయి."

ఆవిడ చదువంతా ఆ జ్ఞాపకం గురించే. ఎలుకల పేగుల్లో ఉండే ఒక చిన్న క్రిమిని తెచ్చింది. అది చంపదు, మనుషులకి అంటదు. నాలుగు రోజులు ఎలుకని ముడుచుకుని కూచోబెడుతుంది, అంతే. అలా జబ్బు చేసి లేచిన ఎలుకల్ని కొన్నిటిని ఆవిడ చంపనిచ్చేది కాదు. ఆ జ్ఞాపకం ఎన్నాళ్ళుంటుందో చూడాలనేది. తలుపు పక్కన కింది అరలో వాటి పెట్టె. దానికి మేం 'అమ్మమ్మల పెట్టె' అని పేరు పెట్టాం. ఎలుక బతుకు రెండేళ్ళు. ఒక అమ్మమ్మ పోతే దాని చోట ఇంకోటి చేరేది. ఆ పెట్టె మాత్రం ఎప్పుడూ ఖాళీ కాలేదు.

ఎనిమిదేళ్ళు అయ్యాక ఆవిడ కణితుల వైపు తిరిగింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడే చెప్పింది. చిన్నప్పుడు ఆవిడ సొంత అమ్మమ్మకి మెడ మీద నిమ్మకాయంత గడ్డ లేచిందట. ఏం చేసినా తగ్గలేదు. మధ్యలో విడవని జ్వరమొకటి పట్టుకుని నెల్లాళ్ళు మంచం మీద పడేసింది. జ్వరం పోయింది. చూస్తే గడ్డ రేగుపండంత అయింది.

"నా చేత్తో తడిమాను బాబాయ్. ఆరు నెలలు అలాగే ఉంది. తర్వాత మళ్ళీ పెరిగింది, అమ్మమ్మ పోయింది. ఆ ఆరు నెలలు ఒంట్లో ఎవరో మేలుకున్నారు. ఎవరు మేలుకున్నారో, ఎవరు లేపారో తెలుసుకుంటే చాలు నాకు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ బొటనవేలు, చూపుడువేలు దేన్నో పట్టుకున్నట్టు గాలిలో అలాగే ఆగాయి. ఎర్ర వెలుగులో ఆ వేళ్ళ మధ్య నిజంగానే ఏదో ఉందనిపించింది.

ఎలుక పక్కలో చర్మం కింద కణితి కణాలు ఎక్కించేవాళ్ళు. పది రోజులకి శనగగింజంత గడ్డ తేలేది. సగం ఎలుకలకి ఆవిడ తయారుచేసిన మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. మందు పడినవాటికి జ్వరం వచ్చేది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మూలకి చేరి, కళ్ళు సగం మూసుకుని కూచునేవి. ఉప్పునీళ్ళవి ఎప్పటిలా ఉరకలు వేసేవి.

గోడ మీద నియమాల పలక ఉండేది. పదకొండు నియమాలు. చేరిన కొత్తలో మూడు రోజులు కూడబలుక్కుని అన్నీ చదివాను. ఏడోది ఇది: ఒక పెట్టెలోనిది మరొక పెట్టెలో వేయరాదు.

బాగానే చదివాను. అర్థం కూడా అయింది. అయినా దాన్నే తప్పాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడి మాన్పించి, దూరపు చుట్టాల ఇంట్లో పనికి పెట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కానీ పరుపు నుంచి గోడ దాకా అన్నిటికీ వేరే వాసన. ఐదు రోజులు తినలేదు, పడుకోలేదు. అప్పుడు మా అమ్మ తన పాత చీర ముక్క ఒకటి పంపింది. దాన్ని తలకింద పెట్టుకున్న పూట ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఆ నిద్ర మళ్ళీ జన్మలో రాలేదు.

జ్వరంతో మూలన కూచున్న ఆ ఎలుకల్ని చూస్తే నాకు ఆ ఇల్లు గుర్తొచ్చేది. కొత్త పొట్టుకి ఏ వాసనా ఉండదు. ఆవిరి పట్టిన చెక్క వాసన, అంతే. అమ్మమ్మల పెట్టెలో మాత్రం చల్లగా బతికిన ప్రాణుల వాసన ఉండేది. పెట్టెలు మార్చేటప్పుడు అందులోంచి ఒక గుప్పెడు తీసి, జ్వరమొచ్చిన ఎలుకల పెట్టెల్లో మూలన వేసేవాణ్ణి. ఒక్కో పెట్టెకి ఒక్కో గుప్పెడు. అవి మొదట మూతి పెట్టి చూసేవి. తర్వాత లోపలికి దూరి, చుట్టూ పొట్టు లాక్కుని, కాసేపటికి పడుకునేవి. వాటి పక్కలు ఎగసిపడటం చూస్తూ నేనూ నిలబడి నిద్రపోయేవాణ్ణేమో.

ఉప్పునీళ్ళవాటికి వెయ్యలేదు. వాటికేం, హుషారుగా ఉన్నాయి కదా.

ఒక సోమవారం డాక్టరమ్మ క్యాలిపర్‌తో, అంటే గడ్డని కొలిచే పట్టకారు లాంటి దానితో, వరసగా కొలుస్తూ ఒక చోట ఆగిపోయింది. మళ్ళీ కొలిచింది. పక్క ఎలుకని తీసింది. దాన్నీ కొలిచింది.

"బాబాయ్, ఇటు రా. ఇక్కడ చెయ్యి పెట్టు."

పెట్టాను. మెత్తటి చర్మం, దాని కింద పక్కటెముకలు, ఇంకేమీ తగల్లేదు.

మందు పడిన పదింటిలో ఏడింటికి గడ్డ కరిగిపోయింది. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అంతే. అది పెద్ద పత్రికలో అచ్చయింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. నాకు ఒక పెట్టెడు మిఠాయి ఇచ్చింది. మా ఆవిడ అది తిని, "ఇన్నాళ్ళకి నీ ఎలుకలు మనకో మేలు చేశాయయ్యా" అంది.

తర్వాత కొత్త భవనం కట్టారు. అక్కడ ప్రతి పెట్టెకీ విడిగా గాలి గొట్టం, పెట్టెలు మార్చడం గాజు అర లోపల, ఆ పని చెయ్యడానికి శిక్షణ పొందిన వాళ్ళు వేరే. పాత ఎలుక ఒక్కటి కూడా అక్కడికి రాకూడదన్నారు. అమ్మమ్మల పెట్టె ఆ రోజుతో ఆగిపోయింది. నన్ను కింద కడుగుడు గదికి పంపారు. సీసాలు, గాజు గిన్నెలు, ఆవిరి యంత్రం. తొమ్మిదేళ్ళు ఆవిరిలో ఉన్నాను. ఎర్ర మసక పోయి తెల్ల మసక వచ్చింది, అంతే తేడా.

కష్టం వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ అక్కడికి వచ్చి స్టూలు మీద కూచునేది. నేను సీసాలు కడిగేవాణ్ణి. ఆవిడ మాట్లాడితే మాట్లాడేది, లేకపోతే లేదు. మందు మళ్ళీ పనిచెయ్యడం లేదని తెలుసు నాకు. ఎందుకో మాత్రం తెలీదు. పెద్ద చదువుల సంగతి కదా అనుకున్నాను. నా గుప్పెడుకీ ఆవిడ లెక్కలకీ సంబంధం ఉంటుందని నా బుర్రకి తట్టనేలేదు. నిజం చెప్పాలంటే, ఒకటి రెండుసార్లు తట్టినట్టే తట్టింది. నియమం తప్పానని ఒప్పుకోవాలి కదా. సీసాలు కడుక్కుంటూ ఉండిపోయాను.

మొన్నటి వానల్లో ఒక మంగళవారం ఆవిడ వచ్చింది. జుట్టు సగం నెరిసింది, పెన్సిలు మాత్రం అక్కడే ఉంది. వెనకాలే కళ్ళజోడు పిల్ల. అది ఆవిడ దగ్గర మిగిలిన ఒక్క విద్యార్థిని.

"మేడం, నిజంగా సంతకం పెడతారా?" అంటోంది ఆ పిల్ల.

"శుక్రవారం పెట్టాలి."

"ఏం సంతకమమ్మా?" అన్నాను. నేను అడిగానని ఇద్దరూ నా వైపు చూశారు.

"మేం అచ్చు వేసింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అని. ఇంకో మూడు చోట్ల చేసి చూశారు బాబాయ్, ఎక్కడా రాలేదు. నాకూ రాలేదు. రుజువు చెయ్యి, లేదా వెనక్కి తీసుకో అన్నారు. న్యాయమే."

"అన్నీ మార్చి చూశాం తాతా," అంది కళ్ళజోడు పిల్ల. "పాత మేత, పాత నీళ్ళు, అదే నెల, అదే దీపం. ఆ గదిలో రేడియో మోగేదని ఎవరో అంటే, పాత సామాన్ల కొట్టులో వెతికి రేడియో కూడా తెచ్చి పెట్టాం. అందులో ఒకటే స్టేషను పలుకుతుంది. అదీ పంటల మీద పురుగుమందుల కార్యక్రమం."

డాక్టరమ్మ నవ్వలేదు. రెండు వేళ్ళు గాలిలో అలా పట్టుకుని చూసుకుంటోంది.

"పోయేది పేరయితే పోనీ. అది కాదు బాబాయ్. ఈమధ్య నా మీద నాకే అనుమానం వస్తోంది. కరిగిపోవాలని అంతగా కోరుకున్నాను కదా, కోరుకున్నదే కొలిచానేమో. అసలు అమ్మమ్మ మెడ దగ్గర గడ్డ చిన్నదైందా, లేక నేను కలగన్నానా? చెయ్యి పెట్టి చూశాననే అనుకుంటున్నాను. ఇప్పుడు అదీ గట్టిగా చెప్పలేను."

ఆవిరి యంత్రం ఈల వేసింది. నేను కట్టేశాను.

"నేనూ చెయ్యి పెట్టి చూశానమ్మా," అన్నాను. "గడ్డ లేదు. కల కాదు."

"మరి ఏమైంది?"

చేతులు తుడుచుకున్నాను. ఏడో నియమం నోటికి వచ్చు, అది చెప్పాను. తర్వాత అమ్మమ్మల పెట్టె గురించి చెప్పాను. జ్వరమొచ్చినవాటికే వేశానని, ఉప్పునీళ్ళవాటికి వెయ్యలేదని చెప్పాను. మొదటిసారి నుంచి గది మారేదాకా వేశానని చెప్పాను. అమ్మ చీర సంగతి కూడా చెప్పేశాను, ఎందుకో. నా బతుకులో అంత పొడుగు మాట్లాడలేదు.

డాక్టరమ్మ ముఖంలో రంగు పోయింది.

"తొమ్మిదేళ్ళు," అంది. "తొమ్మిదేళ్ళు నా ఎదురుగా సీసాలు కడుగుతూ కూచున్నావు."

"అవునమ్మా."

"ఐదుగురు పిల్లలు ఇది రావట్లేదని పరిశోధన మానేసి వెళ్ళిపోయారు. తెలుసా నీకు?"

తల ఊపాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. స్టూలు కాసేపు ఊగి ఆగింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని అలాగే వింది. "నలభై ఏళ్ళలో ఒక్కసారి నోరు విప్పావయ్యా. అదీ ఉద్యోగం ఊడే మాట," అంది. తర్వాత ఇంకాస్త కూర వేసింది. "ఎలుకపిల్లలకి పక్క వేశావు. దానికి ఉరి తియ్యరులే, తిను."

మర్నాడు బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నా కార్డు ఆపేస్తారనుకున్నాను. గేటు తెరుచుకుంది. కడుగుడు గదిలో కళ్ళజోడు పిల్ల కూచుని ఉంది.

"తాతా, మేడం పైకి రమ్మన్నారు. నిద్రపోయినట్టు లేరు, జాగ్రత్త."

పైన బల్ల మీద ఒక తూకం యంత్రం, దాని పక్కన పళ్ళెంలో చెక్కపొట్టు. డాక్టరమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గుప్పెడు అన్నావు. ఎంత గుప్పెడు? తియ్యి."

తీశాను. తూకం మీద వేశాను. ఏడు గ్రాముల పైన కొంచెం.

"ఇంకోసారి."

మళ్ళీ ఏడు. మూడోసారీ ఏడే, చివరి అంకె ఒక్కటే మారింది. ఆవిడ మూడూ నోటుపుస్తకంలో రాసుకుంది. రాస్తూ ఉంటే భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది.

"నేను రేడియో తెప్పించాను బాబాయ్. రేడియో! నిన్ను అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు నా మాటలు నువ్వు విన్నావు, నేను ఒక్కసారి నిన్ను అడగలేదు."

"అడిగితే చెప్పేవాణ్ణో లేదో అమ్మా."

"అదీ నిజమే. నిన్న ఇక్కడ కోపం తప్ప ఇంకేం లేదు," అని గుండె మీద వేలు పెట్టుకుంది. "ఇప్పటికీ కాస్త ఉంది. ఉండనీ, దాని దారిన అది తగ్గుతుంది."

ఆవిడ శుక్రవారం సంతకం పెట్టింది. పెట్టకుండా ఉంటుందేమోనని నేను ఆశపడ్డాను. ఉత్తరం చదివి వినిపించింది. గడ్డ కరిగింది మందు వల్లే అని రాశాం, అది పూర్తి నిజం కాదు; పాత జబ్బు నుంచి తేరుకున్న ఎలుకల పొట్టు వాటి పెట్టెల్లో పడింది, దానితో ఆ పేగుల క్రిమి కూడా చేరి ఉంటుంది, ఆ పని ఎలుకల గది చూసే పెద్దాయన జాలితో చేశారు; మాకు ఇప్పుడే తెలిసింది, అని ఉంది.

"నా మాట తీసెయ్యండమ్మా."

"నిన్ను తీసేస్తే మళ్ళీ అదే తప్పు చేసినట్టు. కూచో."

పాత అమ్మమ్మల పెంటికలు కొన్ని ఆవిడ మంచుపెట్టెలో దాచి ఉంచింది, పద్దెనిమిదేళ్ళ కిందటివి. దాచినప్పుడు ఎందుకో ఆవిడకే తెలీదట. వాటిలోని క్రిమిని కొత్త ఎలుకలకి ఇచ్చారు. నాలుగు రోజులు ముడుచుకుని, తర్వాత లేచాయి. కొత్త అమ్మమ్మలు తయారయ్యాయి. కొత్త భవనం వెనక ఉన్న మా పాత గదినే అడిగి తీసుకుంది. గోడకి పలక లేదు, మేకు మిగిలింది. కళ్ళజోడు పిల్ల ఎర్ర దీపం బిగించింది. నేను గౌను వేసుకుని లోపలికి వెళ్ళగానే ఆ హోరు మళ్ళీ వినపడింది. తొమ్మిదేళ్ళు ఎక్కడికీ వెళ్ళనట్టే అనిపించింది.

నాలుగు వరసలు పెట్టారు. మొదటి వరసకి ఏమీ లేదు. రెండోదానికి మందు మాత్రం. మూడోదానికి నా గుప్పెడు మాత్రం. నాలుగోదానికి రెండూ. ఈసారి మూలన కూచున్నవాటిని చూసి చెయ్యి ఊరుకోనంది. రెండో వరసలో జ్వరమొచ్చిన ఎలుకలు మెడ వంచుకుని ఉంటే, వాటికీ వెయ్యాలని వేళ్ళు దురదపెట్టాయి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

మూడో వారం కొలిచే రోజు. డాక్టరమ్మ కొలుస్తోంది, కళ్ళజోడు పిల్ల రాస్తోంది. మొదటి వరస, ఎనిమిది, తొమ్మిది, పది మిల్లీమీటర్లు. రెండో వరస, అవే అంకెలు. మూడో వరసలో కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. నాలుగో వరసకి వచ్చేసరికి ఆవిడ క్యాలిపర్ కింద పెట్టేసింది.

"ముందు నువ్వు చూడు బాబాయ్. నా చేతిని నేను నమ్మను."

ఎలుకని తీసుకున్నాను. వెచ్చగా ఉంది, దాని గుండె నా అరచేతిలో గబగబా కొట్టుకుంటోంది. బొటనవేలితో పక్క తడిమాను. మెత్తటి చర్మం, కింద పక్కటెముకలు. ఏమీ చెప్పకుండా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తడిమింది. కొలిచింది.

"సున్నా," అంది.

కళ్ళజోడు పిల్ల రాయలేదు. "మేడం, ఇంకోసారి చెప్పండి."

"సున్నా."

ఐదింటిలో నాలుగింటికి సున్నా. ఐదోదానికి మాత్రం గడ్డ ఉంది, చిన్నది. ఆవిడ దాన్ని మిగతావాటికంటే ఎక్కువసేపు చూసింది. తర్వాత వేళ్ళు రెండూ గాలిలో దేన్నో పట్టుకున్నట్టు ఎత్తి, వాటిని చూసుకుంటూ నిలబడింది. మూతికి గుడ్డ ఉంది కాబట్టి ముఖం తెలియలేదు. ఎర్ర వెలుగులో కళ్ళు మాత్రం మెరిశాయి. గాలి హోరుమంటోంది. రెండు నిమిషాలు పట్టిందో, రెండేళ్ళు పట్టిందో.

"ఆరు నెలలు, అమ్మమ్మా," అంది, మాతో కాదు.

ఆ రోజు సోమవారం. నేను కింది అర దగ్గర వంగి, అమ్మమ్మల పెట్టె మూత తీశాను. గుప్పెడు తీసి, అలవాటుగా నాలుగో వరస పెట్టెలో వెయ్యబోయి ఆగాను.

"తూచాలా అమ్మా?" అన్నాను.

"అక్కర్లేదు. నీ చెయ్యి తూచాను కదా," అంది.